డబ్బా వెనక ‘ఆల్కహాల్’ అని ఉంటే

అందరికీ నమస్కారం.

క్రీమ్ డబ్బా వెనక ‘సీటైల్ ఆల్కహాల్’ అని చదవగానే, అమ్మో ఇందులో స్పిరిట్ ఉంది, ముఖం ఎండిపోతుంది అని పక్కన పెట్టేసేవాళ్లు చాలామంది. ఆ భయం ఎక్కడ నిజమో, ఎక్కడ అనవసరమో ఈరోజు మాట్లాడుకుందాం.

ఆల్కహాల్ అంటే ఒకే పదార్థం కాదు, పెద్ద కుటుంబం. మనం స్పిరిట్ అని భయపడే ఇథనాల్‌లో ఉండేవి 2 కార్బన్లే. నీళ్లలా పల్చగా ఉండి, ఒంటి మీద పడగానే ఆవిరైపోతుంది. ‘ఆల్కహాల్ డినాట్’ అని రాసేది దీన్నే. సీటైల్‌లో 16 కార్బన్లు, స్టియరైల్‌లో 18. ఇవి మైనంలా గట్టిగా ఉంటాయి. పామాయిల్, కొబ్బరి నూనెల నుంచి తీస్తారు. క్రీములో నూనె, నీరు విడిపోకుండా చూసేవి, చర్మాన్ని మెత్తగా ఉంచేవి ఇవే. వీటికి భయపడి పొడి చర్మం వాళ్లు మంచి మాయిశ్చరైజర్ వదులుకుంటే నాకు బాధేస్తుంది. మందులు, సౌందర్య సాధనాలను పర్యవేక్షించే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ కూడా ఇదే చెబుతుంది: ‘ఆల్కహాల్ ఫ్రీ’ అంటే ఇథనాల్ లేదని అర్థం, సీటైల్ లాంటివి అందులో ఉండొచ్చు.

ఇథనాల్ దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. మన చర్మం పైపొరలో సెరమైడ్లు అనే కొవ్వులు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు కలిసి లోపలి తేమను బయటికి పోనివ్వకుండా కాపాడతాయి. ఇథనాల్ ఎక్కువగా ఉన్న టోనర్‌తో (ముఖం తుడుచుకునే ద్రవం) రోజూ తుడుచుకుంటే జిడ్డుతో పాటు ఈ కొవ్వులూ పోతాయి. తుడిచిన వెంటనే హాయిగానే ఉంటుంది. బిగుతు, మంట, పొలుసులు తర్వాత మొదలవుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ శానిటైజర్ ఫార్ములాలో 80 శాతం ఇథనాల్‌తో పాటు 1.45 శాతం గ్లిజరాల్ చేర్చింది చేతులు ఎండిపోకూడదనే. ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టే సమస్య), రొసేషియా (ముఖం ఎర్రబడే సమస్య) ఉన్నవాళ్లు ఇథనాల్ టోనర్ల జోలికి వెళ్లకపోవడమే మంచిది.

మరి కంపెనీలు ఎందుకు కలుపుతాయి? మొటిమలకు వాడే సాలిసిలిక్ యాసిడ్ నీళ్లలో సరిగా కరగదు, ఇథనాల్‌లో కరుగుతుంది. జెల్ సన్‌స్క్రీన్ జిడ్డు లేకుండా చటుక్కున ఆరేది కూడా దీనివల్లే. మే నెల ఎండలో, జిడ్డుగా ఉందని సన్‌స్క్రీన్ మానేయడం కంటే ఇథనాల్ ఉన్న జెల్ రాసుకోవడం ఎన్నో రెట్లు మేలని నా అభిప్రాయం.

ఇకపై కొనేటప్పుడు పదార్థాల జాబితా చూడండి. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత రాస్తారు. ఇథనాల్ మొదటి రెండు మూడు పేర్లలో ఉంటే, మీది పొడి చర్మమైతే, వేరేది వెతుక్కోండి. బెంజైల్ ఆల్కహాల్, లానొలిన్ ఆల్కహాల్ కొద్దిమందికి అలర్జీ తెస్తాయి. దురద, ఎరుపు వస్తే వాడకం ఆపి, చర్మ డాక్టరు దగ్గరికి ఆ డబ్బా కూడా తీసుకెళ్లండి.