రెండు పచ్చల వైరం: కామిక్స్‌లో రంగు పేర్ల హీరోలు, విలన్లు

[తెరపై: నల్లని నేపథ్యం మీద "పచ్చ" అనే ఒక్క మాట. అక్షరాలు సగం ఆకు రంగులో, సగం పసుపు రంగులో.]

తెలుగులో పచ్చ అనే మాట ఒక్కటే అయినా అది చూపించే రంగులు రెండు. పచ్చని చెట్టు అన్నప్పుడు ఆకు రంగు, పచ్చకామెర్లు అన్నప్పుడు పసుపు రంగు మనసులో మెదులుతాయి. తేడా చెప్పవలసి వచ్చినప్పుడే ఆకుపచ్చ అనీ పసుపుపచ్చ అనీ విడదీస్తాం. అమెరికన్ కామిక్స్‌లో ఈ రెండు పచ్చల మధ్య 60 ఏళ్లకు పైగా వైరం నడుస్తోంది. గ్రీన్ లాంటర్న్ అనే హీరో తన ఉంగరంతో మనసులో అనుకున్న ఏ వస్తువునైనా ఆకుపచ్చని వెలుగుతో సృష్టించగలడు. కానీ చాలాకాలం పాటు ఆ ఉంగరం పసుపు రంగులో ఉన్న దేని మీదా పనిచేసేది కాదు. అంతరిక్షంలో కాపలా తిరిగే వీరుడిని పసుపు సున్నం వేసిన గోడ ఆపేస్తుందంటే నవ్వు రావడం సహజమే. ఈ వీడియోలో రంగునే పేరుగా పెట్టుకున్న కామిక్స్ పాత్రల గురించి మాట్లాడుకుందాం. అందులోనూ ఎక్కువసేపు ఈ లాంతరు దగ్గరే ఆగుదాం, ఎందుకంటే పేరులో పెట్టుకున్న రంగు ఒక పాత్రను ఎన్ని దశాబ్దాలపాటు వెంటాడగలదో ఇతని కథలో తెలిసినంత స్పష్టంగా మరెక్కడా తెలియదు.

[తెరపై: చీకటి సొరంగంలో ఊగుతున్న లాంతరు.]

1940లో మార్టిన్ నోడెల్ అనే చిత్రకారుడు న్యూయార్క్ సబ్‌వేలో రైలు కోసం ఎదురుచూస్తుండగా, పట్టాల దగ్గర పనిచేసే మనిషి ఒకడు చేతిలో లాంతరు ఊపుతూ కనిపించాడు. ఎర్ర లాంతరు ఊపితే రైలు ఆగాలి, ఆకుపచ్చది ఊపితే కదలాలి. ఆ దృశ్యం నుంచే పేరు పుట్టిందని నోడెల్ తర్వాతి కాలంలో చెప్పాడు. రచయిత బిల్ ఫింగర్ తోడైన తర్వాత ఆ ఊహ 1940 జులై నాటి ఆల్ అమెరికన్ కామిక్స్ 16వ సంచికలో ఆలన్ స్కాట్ అనే రైల్వే ఇంజనీరు కథగా వెలువడింది. విచిత్రమేమిటంటే పేరులో ఆకుపచ్చ ఉన్న ఈ మనిషి ఒంటి మీద ఎర్ర చొక్కా, ఆకుపచ్చ ప్యాంటు, భుజాల మీద ఊదా రంగు అంగవస్త్రం ఉంటాయి. తిరునాళ్లలో రంగుల రాట్నం ఎక్కడానికి బయలుదేరినట్టు ఉంటాడు. అతని ఉంగరం లొంగేది కూడా పసుపుకు కాదు, చెక్కకు. అందుకే మాయలూ మంత్రాలూ తెలియని దొంగ ఎవడైనా వెనక నుంచి దుడ్డుకర్రతో ఒక్కటి వేస్తే హీరో నేల మీద ఉండేవాడు.

ఆ రోజుల్లో రంగు పేర్లు వరసగా వచ్చాయి. 1939లో బ్లూ బీటిల్ వచ్చాడు, 1941 మార్చిలో కెప్టెన్ అమెరికా మొదటి సంచికలోనే రెడ్ స్కల్ ఎదురయ్యాడు, అదే సంవత్సరం నవంబరులో గ్రీన్ యారో విల్లు పట్టుకున్నాడు. 10 సెంట్ల పుస్తకం పత్రికల దుకాణంలో పదుల కొద్దీ పుస్తకాల మధ్య నిలబడి పిల్లవాడి కన్ను పట్టుకోవాలి. ఒక రంగు, దాని పక్కన ఒక పురుగో పుర్రెయో బాణమో చేర్చి పేరు పెడితే, వేషం ఎలా ఉండాలో, అట్ట మీద ఏ రంగు నింపాలో ఆ పేరే చెప్పేస్తుంది. నన్ను అడిగితే ఇది పాత్ర సృష్టి కంటే దుకాణం బోర్డు రాయడానికి దగ్గరగా ఉండే విద్య, దాన్ని తక్కువ చేసి చూడవలసిన అవసరం కూడా లేదు.

[తెరపై: పాత కామిక్ పుట మీద భూతద్దం. ఆకుపచ్చ మరక దగ్గరవుతూ చుక్కలుగా విడిపోతుంది.]

అయితే పేరులో రంగు పెట్టడం సులువు, దాన్ని ప్రతి నెలా కాగితం మీదకు తేవడం కష్టం. అప్పటి కామిక్స్ చవకబారు న్యూస్‌ప్రింట్ మీద నాలుగు సిరాలతో అచ్చయ్యేవి. నల్ల సిరా గీతలకూ మాటలకూ సరిపోయేది. రంగులన్నీ పసుపు, మజెంటా, సయాన్ అనే మిగతా మూడు సిరాల నుంచే రావాలి. ఒక్కొక్క సిరాను అసలు వేయకపోవడం, 25 శాతం వేయడం, 50 శాతం వేయడం, పూర్తిగా వేయడం అనే నాలుగు మెట్లు మాత్రమే ఉండటం వల్ల, నాలుగును మూడుసార్లు హెచ్చిస్తే వచ్చే 64 రంగులే కలరిస్టు, అంటే బొమ్మలకు రంగులు నిర్ణయించే మనిషి, ప్రపంచం. కలరిస్టు బొమ్మ నకలు మీద నీటిరంగులు వేసి, పక్కన చిన్న అక్షరాలతో సంకేతాలు రాసి పంపితే, ఆ సంకేతాలను చూసి వేరేచోట కార్మికులు ఒక్కొక్క సిరాకు విడివిడిగా ప్లేట్లు తయారుచేసేవారు. వై2 ఆర్2 అని రాస్తే 25 శాతం పసుపు, 25 శాతం మజెంటా అని అర్థం, తెల్లవాళ్ల చర్మానికి వాడే సంకేతం అదే. ఈ సంకేతాన్ని గుర్తుపెట్టుకోండి, దీనితో మనకు మళ్లీ పని ఉంది.

ఈ 64 రంగుల్లో అన్నిటికంటే నమ్మదగనిది బూడిదరంగు. మూడు సిరాలూ సమపాళ్లలో కలిస్తేనే అది బూడిదగా కనిపిస్తుంది, ఒక సిరా కాస్త ఎక్కువైనా, ఒక ప్లేటు వెంట్రుకవాసి పక్కకు జరిగినా నీలం వైపో ఆకుపచ్చ వైపో ఒరిగిపోతుంది. 1962 మేలో హల్క్ మొదటి సంచిక వచ్చినప్పుడు అతని రంగు బూడిదే. అచ్చయిన పుస్తకంలో ఒక గడిలో ముదురుగా, మరొక గడిలో లేతగా, ఇంకొక చోట ఆకుపచ్చ ఛాయలతో కనిపించేసరికి రచయిత స్టాన్ లీ, కలరిస్టు స్టాన్ గోల్డ్‌బర్గ్ ఆలోచించి రెండో సంచిక నుంచి అతన్ని పూర్తి ఆకుపచ్చ చేసేశారు. కథలో దానికి కారణం కూడా చెప్పలేదు. ప్రపంచమంతా ఇప్పుడు గుర్తుపట్టే ఆ ఆకుపచ్చ దేహం అలా అచ్చుయంత్రం చేతిలో పుట్టింది. అతని పేరులో రంగు లేకపోవడం వల్లనే ఇది సాధ్యపడిందని నేను అనుకుంటాను. అతనికి గ్రే అనో గ్రీన్ అనో పేరు పెట్టి ఉంటే రాత్రికి రాత్రి చర్మం మార్చుకునే అవకాశం ఉండేది కాదు. తర్వాత 1980ల రచయితలు ఆ పాత అచ్చు లోపాన్నే కథగా మలిచి, లాస్ వేగాస్‌లో జో ఫిక్సిట్ పేరుతో తిరిగే బూడిదరంగు హల్క్‌ను తెచ్చారు. 2008లో రెడ్ హల్క్ కూడా వచ్చాడు.

పాత సంచికలు నాలుగైదు పక్కపక్కన పెట్టి చూస్తే మరొక అలవాటు బయటపడుతుంది. సూపర్‌మ్యాన్, కెప్టెన్ అమెరికా, స్పైడర్‌మ్యాన్ వంటి హీరోలకు ఎరుపు, నీలం, పసుపు వెళ్లేవి, విలన్లకు ఆకుపచ్చ, ఊదా మిగిలేవి. జోకర్ జుట్టు ఆకుపచ్చ, కోటు ఊదా. 1964లో వచ్చిన గ్రీన్ గాబ్లిన్ ఒళ్లు ఆకుపచ్చ, టోపీ ఊదా. అదే సంవత్సరం డేర్‌డెవిల్ అనే హీరోకు ఎదురైన పర్పుల్ మ్యాన్ నోటి మాటతో ఎవరి చేతనైనా ఏ పనైనా చేయించగలడు, అతని చర్మమే ఊదా. మంచీ చెడూ పుట మీద ఢీకొన్నప్పుడు ఒకరి రంగు మరొకరి రంగులో కలిసిపోకుండా ఉండటానికి ఈ పంపకం బాగా పనికొచ్చేది. ఈ లెక్కన చూస్తే గ్రీన్ లాంటర్న్ విలన్ల రంగు తొడుక్కున్న హీరో.

[తెరపై: రెండు ఉంగరాలు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి పసుపు.]

1959లో రచయిత జాన్ బ్రూమ్, చిత్రకారుడు గిల్ కేన్ పాత లాంతరును పక్కన పెట్టి హాల్ జోర్డన్ అనే టెస్ట్ పైలట్‌ను కొత్త గ్రీన్ లాంటర్న్‌గా ప్రవేశపెట్టారు. ఈసారి వేషం ఆకుపచ్చ, నలుపు, తెలుపులతో పేరుకు తగ్గట్టు కుదిరింది, ఉంగరం బలహీనత చెక్క నుంచి పసుపుకు మారింది. ఉంగరానికి శక్తినిచ్చే బ్యాటరీలో తప్పనిసరిగా ఉండవలసిన ఒక మలినం వల్ల ఇలా జరుగుతుందని కథలో వివరణ ఇచ్చారు. 1961లో సినెస్ట్రో వచ్చాడు. ఒకప్పుడు ఆకుపచ్చ ఉంగరం ధరించి, అధికార మదంతో బహిష్కృతుడైన ఇతను పసుపు ఉంగరంతో తిరిగి వచ్చాడు. ఈ కథలు అచ్చయిన కాగితాన్ని భూతద్దం కింద పెడితే కనిపించేది నాకు కథ కంటే ఆసక్తికరంగా ఉంటుంది. ఆకుపచ్చ సిరా అనేదే ఆ ముద్రణాలయంలో లేదు. హాల్ జోర్డన్ చొక్కాలోని ప్రతి అంగుళం ముందు పసుపు వేసి, దాని మీద సయాన్ వేస్తే వచ్చినదే. సినెస్ట్రో ఉంగరానికి ఏ సిరా వాడారో హాల్ వేషానికి అడుగున పరిచింది కూడా అదే సిరా.

మలినం అన్న ఆ పాత వివరణను 2004లో మొదలైన కథల్లో రచయిత జెఫ్ జాన్స్ తవ్వి తీశాడు. బ్యాటరీలో బంధించి ఉన్నది మలినం కాదనీ, పారలాక్స్ అనే భయ స్వరూపమనీ, పసుపు అంటే భయమనీ, ఆకుపచ్చ అంటే సంకల్పబలమనీ, తన భయాన్ని గుర్తించి దాన్ని జయించగలిగినవాడికి పసుపు అడ్డు రాదనీ అతను తిరగరాశాడు. అమెరికన్ ఇంగ్లీషులో పిరికివాణ్ణి పసుపు రంగుతో పోల్చి తిట్టే వాడుక ఉండటం వల్ల అక్కడి పాఠకుడికి ఈ లంకె వెంటనే అందుతుంది. గడపకు పసుపు రాసి, పెళ్లికి పసుపు కొట్టి, ముత్తయిదువకు పసుపు కుంకుమలిచ్చి పంపే మనకు మాత్రం పసుపు చూసి భయపడమంటే మనసు ఒప్పుకోదు. పసుపు ఉంగరాలు తొడిగిన సినెస్ట్రో దళం పసుపు బట్టలతో బారులు తీరిన పుట చూసినప్పుడల్లా నాకు యుద్ధం కంటే శుభకార్యమే ముందు గుర్తుకొస్తుంది.

అక్కడి నుంచి జాన్స్ ఇంద్రధనుస్సు మొత్తం పంచిపెట్టాడు, ఒక్కొక్క రంగుకు ఒక భావం, ఆ రంగు ఉంగరాలు ధరించే ఒక దళం. ఎరుపుకు క్రోధం, నారింజకు లోభం, నీలానికి ఆశ, ఇండిగోకు కరుణ, వయొలెట్‌కు ప్రేమ వచ్చాయి. 2009లో మరణానికి గుర్తుగా నల్ల ఉంగరాలు వచ్చి, చచ్చిన హీరోలనూ విలన్లనూ లేపి కూర్చోబెట్టాయి. అన్నిటిలోనూ నాకు నచ్చింది నారింజ దళం. ఆ దళంలో లార్‌ఫ్లీజ్ ఒక్కడే ఉంటాడు, ఎందుకంటే లోభి తన ఉంగరాన్ని ఇంకొకడితో పంచుకోడు. నీలం ఉంగరం కూడా పక్కన ఆకుపచ్చ ఉంగరం ఉంటేనే పూర్తి శక్తితో పనిచేస్తుంది. మన నాట్యశాస్త్రంలో భరతుడు రసాలకు రంగులు చెప్పినప్పుడు రౌద్రానికి ఎరుపే ఇచ్చాడు, అంతవరకు ఇద్దరికీ పొత్తు కుదిరింది. భయానకానికి మాత్రం నలుపు ఇచ్చి, పసుపును అద్భుతరసానికి కేటాయించాడు. కూచిపూడి నేర్చుకున్న అమ్మాయికి ఈ కామిక్ ఇస్తే సినెస్ట్రో రంగు దగ్గర తప్పకుండా అభ్యంతరం చెబుతుంది.

[తెరపై: మురికివాడలో మేడ మీద నిలబడిన వృద్ధుడు, ఎదురుగా తల దించుకున్న గ్రీన్ లాంటర్న్.]

పేరులో రంగు గురించి మాట్లాడుతూ బ్లాక్ అనే మాటను దాటి వెళ్లడం కుదరదు, ఎందుకంటే ఆ ఒక్క మాట ఒక్కొక్క పాత్రలో ఒక్కొక్క పని చేస్తుంది. 1947 నాటి బ్లాక్ కేనరీలో అది దుస్తుల రంగు, 1964 నాటి బ్లాక్ విడోలో సాలెపురుగు పేరు, 1945 నాటి బ్లాక్ ఆడమ్‌లో చెడిపోయిన బుద్ధి. శక్తినిచ్చిన మాంత్రికుడే అతను దారితప్పాక ఆ పేరు పెట్టి వెళ్లగొట్టాడు. 1966 జులై నాటి సంచికలో వచ్చిన బ్లాక్ పాంథర్‌లో జంతువు, వేషం, చర్మం మూడూ ఒకే మాటలో కలిశాయి. అదే సంవత్సరం అక్టోబరులో ఓక్లాండ్‌లో అదే పేరుతో రాజకీయ పార్టీ ఏర్పడటంతో, ఆ పోలికకు జంకి 1972లో కొద్దికాలం అతన్ని బ్లాక్ లెపర్డ్ అని పిలిచి మళ్లీ పాత పేరుకే వచ్చారు. 1977లో సొంత పత్రికతో వచ్చిన బ్లాక్ లైట్నింగ్ నాటికి పేరులోని బ్లాక్ వేషాన్ని వదిలి నేరుగా మనిషినే సూచిస్తోంది. తెల్ల హీరోలెవరూ తమ చర్మం రంగును పేరు ముందు తగిలించుకోవలసిన అవసరం రాలేదన్నది గమనించదగిన విషయం.

ఇందాకటి వై2 ఆర్2 ఇక్కడికి తిరిగి వస్తుంది. 1963లో సార్జెంట్ ఫ్యూరీ అనే యుద్ధ కామిక్ మొదటి సంచికలో గేబ్ జోన్స్ అనే నల్లజాతి సైనికుడు ఉన్నాడు. ప్లేట్లు తయారుచేసేవాళ్లు సంకేతంలో ఏదో పొరపాటు జరిగిందనుకుని అతనికి గులాబీ రంగు చర్మం వేసేశారని స్టాన్ లీ చెప్పేవాడు. 1970 ఏప్రిల్‌లో డెనీ ఓనీల్ రాసి నీల్ ఆడమ్స్ గీసిన గ్రీన్ లాంటర్న్ 76వ సంచికలో ఈ విషయాన్ని ఒక నల్లజాతి వృద్ధుడు హీరో ముఖం మీదే అడుగుతాడు. నీలి చర్మం వాళ్ల కోసం పనిచేస్తావట, ఎక్కడో గ్రహం మీద నారింజ చర్మం వాళ్లను ఆదుకున్నావట, ఊదా చర్మం వాళ్లకూ ఎంతో చేశావట, మరి నల్ల చర్మం వాళ్లను ఎప్పుడూ పట్టించుకోలేదేమని నిలదీస్తే, హాల్ జోర్డన్ దగ్గర సమాధానం ఉండదు. నా దృష్టిలో ఈ కథామాల మొత్తంలో ఇంతకంటే పదునైన గడి లేదు. ఏడాదిన్నర తిరిగేసరికి అదే రచయిత, అదే చిత్రకారుడు 87వ సంచికలో జాన్ స్టీవర్ట్ అనే నల్లజాతి ఆర్కిటెక్టు చేతికి ఆకుపచ్చ ఉంగరం తొడిగారు. అతని పేరు ముందు బ్లాక్ అని చేర్చలేదు, హాల్‌కు ఉన్న బిరుదే అతనికీ దక్కింది.

[తెరపై: కిటికీ పక్కన గోడకు అంటించిన పాత ముఖచిత్రం. ఎండ దాని మీద నెమ్మదిగా జరుగుతుంది.]

మన ఊళ్లలో నెలల తరబడి ఎండకు ఉన్న సినిమా పోస్టరు చివరికి నీలంగా మిగలడం మీరు చూసే ఉంటారు. పసుపు, మజెంటా సిరాలు వెలుతురుకు తొందరగా వెలిసిపోతాయి, సయాన్ ఎక్కువకాలం నిలుస్తుంది. గ్రీన్ లాంటర్న్ పాత అట్టను కూడా ఎండ తగిలే గోడకు అలాగే వదిలేస్తే, మొదట సినెస్ట్రో ఉంగరం పాలిపోతుంది, దానితోపాటు హాల్ జోర్డన్ చొక్కా అడుగునున్న పసుపు కూడా కరిగిపోతుంది. కొన్నేళ్ల తర్వాత ఆ అట్ట మీద విలన్ చేతిలో ఏ రంగూ లేని ఉంగరం, అతని ఎదుట పిడికిలి బిగించిన ఒక నీలం లాంతరు కనిపిస్తారు.