నోటికి వచ్చిన జపం, చేతిలోని సువిశేషం

[తెరపై: వంటగది గూట్లో మరియమ్మ స్వరూపం. పక్కన మేకుకు వేలాడుతున్న జపమాల.]

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

"మీ కథోలికులు బైబిల్ చదవరు కదా?" ఈ మాట నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను. స్కూల్లో పక్క బెంచీ వాడు అన్నాడు. ఆఫీసులో అన్నారు. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు వేరే సంఘానికి వెళ్ళే చుట్టాలూ అన్నారు. "మీవన్నీ జపాలే, నోటికొచ్చినవి గబగబా అప్పజెప్పేస్తారు" అని కూడా అంటారు. విన్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. మన ఇళ్ళలో బైబిల్ ఉంటుంది, కాకపోతే షోకేసులో ఉంటుంది. పెళ్ళికి ఎవరో ఇచ్చింది, ఇంకా ప్లాస్టిక్ కవర్ కూడా తీయలేదు.

కానీ మిగతా సగం నిజం కాదు. మనం చెప్పే జపాలు వేరు, బైబిల్ వేరు అనుకోవడం దగ్గరే తప్పు జరుగుతోంది. బయటివాళ్ళే కాదు, మనమూ అలాగే అనుకుంటున్నాం. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు మనందరికీ నిద్రలో లేపి అడిగినా వచ్చే జపం తీసుకుందాం.

[తెరపై అక్షరాలు ఒక్కొక్క వాక్యంగా: "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము. ఏలినవారు మీతో ఉన్నారు."]

ఈ మాటలు ఎవరివి? గబ్రియేలు దూతవి. లూకా సువిశేషం 1వ అధ్యాయం, 28వ వచనం. నజరేతులో ఒక పేదింటి అమ్మాయి ముందు నిలబడి దూత చెప్పిన పలకరింపు అది. తరువాతి వాక్యం, "స్త్రీలలో ఆశీర్వదింపబడినవారు మీరే", ఎలిశబేతమ్మది. అదే అధ్యాయం 42వ వచనం. కొండ ప్రాంతంలో ఉన్న చుట్టాన్ని చూడడానికి మరియమ్మ అంత దూరం నడిచి వెళ్ళింది. గడపలో అడుగు పెట్టగానే ఆ పెద్దావిడ కడుపులో బిడ్డ గంతులు వేశాడు. ఆ సంతోషంలో ఆమె గొంతెత్తి అన్న మాట ఇది. అంటే మంగళవార్త జపంలో మొదటి సగం దాదాపు అంతా సువిశేషమే. "పరిశుద్ధ మరియమ్మా, సర్వేశ్వరుని మాతా" అంటూ సాగే రెండో సగం శ్రీసభ, అంటే మన కథోలిక సంఘం, చేర్చిన విన్నపం. ఈ రోజు మనం చెప్పే రూపం 1568లో శ్రీసభ ప్రార్థన పుస్తకంలో స్థిరపడింది.

ఇప్పుడు జపమాల తీసుకోండి. పూసలు తిప్పుతూ మనం ధ్యానించే ఘట్టాలనే దేవరహస్యాలు అంటాం. సంతోష, దుఃఖ, మహిమ దేవరహస్యాలకు 2002లో రెండవ జాన్ పాల్ పోపుగారు వెలుగు దేవరహస్యాలు కలిపారు. మొత్తం ఇరవై. వాటిలో మరియమ్మ పరలోకానికి ఎత్తబడడం, కిరీటం పొందడం అనే చివరి రెండు తప్ప మిగిలినవన్నీ సువిశేషాల్లోనూ అపొస్తలుల కార్యాల్లోనూ జరిగినట్టు రాసి ఉన్న సంఘటనలే. చేతిలో పూసలు తిరుగుతుంటే మన కళ్ళ ముందు యేసు ప్రభువు జీవితం తిరగాలి. అందుకోసమే ఆ పూసలు.

పరలోక జపం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలని ఉంది. ఇది మత్తయి 6వ అధ్యాయంలో ప్రభువు స్వయంగా నేర్పినది. మన తెలుగు కథోలిక జపంలో ఒక మాట ఉంది, ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు. "నానాటికి కావలసిన మా అన్నము మాకు నేటికి ఇవ్వండి." మూలంలో ఉన్నది రొట్టె. మన పెద్దలు దాన్ని అన్నం అన్నారు. ఎంత బాగా అన్నారు! కుండలో బియ్యం ఉన్నాయో లేదో చూసుకునే ఇంట్లో రొట్టె అని అడిగితే ఆ ఆకలి ఎలా తెలుస్తుంది?

ఆ తర్వాతి వాక్యం చూడండి. "మా యొద్ద అప్పుబడినవారిని మేము మన్నించునట్లు మా అప్పులను మీరు మన్నించండి." మత్తయి రాసింది నిజంగా అప్పులనే. లూకా 11వ అధ్యాయంలో అదే చోట పాపాలు అని ఉంటుంది. అప్పు అనే మాట మనకు బాగా తెలుసు. ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టినవాళ్ళకి ఇంకా బాగా తెలుసు. నాకు బాకీ ఉన్న మనిషి వీధిలో ఎదురైతే నా ముఖం ఎలా మారుతుందో గుర్తు చేసుకుని ఈ వాక్యం చెబితే, గొంతులో అడ్డం పడుతుంది. అలా పడడమే మంచిది. ఆ క్షణంలో మనం జపం చెప్పడం మాని ప్రార్థన చేయడం మొదలుపెడతాం.

కాబట్టి మొదటి పని చాలా చిన్నది. రేపు పొద్దున పరలోక జపం ఒక్కసారి, మామూలుగా చెప్పే వేగంలో సగం వేగంతో చెప్పండి. ప్రతి వాక్యం తర్వాత ఒక్క ఊపిరి తీసుకోండి. అంతే.

[తెరపై: తెరిచిన బైబిల్, పక్కన పెన్సిల్, గోడ మీద విచారణ (మన చర్చి) క్యాలెండర్]

ఇక బైబిల్ చదవడం. చాలామంది కొత్త సంవత్సరం రోజున ఆదికాండం నుంచి మొదలుపెడతారు. అబ్రహాము, యాకోబు, యోసేపు, కథలు బాగా నడుస్తాయి. నిర్గమకాండం సగం దాటాక గుడారం కొలతలు వస్తాయి. లేవీయకాండంలో బలుల నియమాలు వస్తాయి. అక్కడ పుస్తకం మూతపడుతుంది. మళ్ళీ వచ్చే జనవరి దాకా తెరవరు. మన బైబిల్‌లో 73 గ్రంథాలు ఉన్నాయి. అన్నీ వరసగా చదవాలని పట్టుపట్టి ఓడిపోయి, నాకు చేతకాదులే అని బాధపడేవాళ్ళని ఎంతమందినో చూశాను.

నిజానికి శ్రీసభ మన చేతికి ఎప్పుడో ఒక దారి ఇచ్చింది. పూజలో చదివే ఆ రోజు పఠనాలు. ఆదివారం పఠనాలు మూడేళ్ళ చక్రంలో తిరుగుతాయి. ఒక ఏడు ఎక్కువగా మత్తయి, మరుసటి ఏడు మార్కు, ఆ తర్వాత లూకా. యోహాను సువిశేషం ముఖ్యంగా పాస్క (ఈస్టర్) కాలంలో వస్తుంది. మామూలు రోజుల్లో మొదటి పఠనం రెండేళ్ళకోసారి తిరిగి వస్తుంది, సువిశేషం మాత్రం ఏటా అదే. ఇదంతా ప్రపంచంలోని కథోలిక బిషప్పులు కలిసిన రెండవ వాటికన్ మహాసభ తర్వాత, 1969లో వచ్చిన ఏర్పాటు. విశ్వాసులకు వాక్య భోజనం ఇంకా సమృద్ధిగా వడ్డించాలని ఆ సభ కోరింది.

రోజుకు ఒక్క సువిశేష భాగం చాలు. పది పదిహేను వచనాలు. విచారణ క్యాలెండర్‌లో ఉంటుంది, ఫోన్‌లో యాప్ ఉంటుంది, చాలా విచారణల వాట్సాప్ గ్రూపుల్లో తెల్లారేసరికి వచ్చేస్తుంది. ఇందులో నాకు బాగా నచ్చే సంగతి ఇంకొకటి ఉంది. గుణదలలో పూజలో వినిపించే సువిశేషమే దాదాపు ఎప్పుడూ రోములోనూ వినిపిస్తుంది. డల్లాస్‌లో ఉన్న కొడుకు, ఊళ్ళో ఉన్న తల్లి ఒకే రోజు ఒకే వాక్యం చదవవచ్చు. రాత్రి ఫోన్లో "తిన్నావా?" తర్వాత "ఈ రోజు సువిశేషం చూశావా?" అని అడిగితే, మాట్లాడుకోవడానికి ఎంత ఉంటుందో.

సరే, చదవడం ఎలా? 12వ శతాబ్దంలో ఫ్రాన్సులోని ఒక కొండ మఠంలో గీగో అనే సన్యాసి ఉండేవారు. వాక్యంతో ప్రార్థించడాన్ని ఆయన నాలుగు మెట్ల నిచ్చెనగా చెప్పారు. చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, దేవుని సన్నిధిలో ఊరకే ఉండడం. ఆయన చెప్పిన పోలిక మనకు ఇట్టే అర్థమవుతుంది. చదవడం అంటే ముద్ద నోట్లో పెట్టుకోవడం. ధ్యానించడం అంటే నమలడం. ప్రార్థన అంటే రుచి తగలడం. చివరి మెట్టు ఆ తీపే. మనలో చాలామందిమి ముద్ద నోట్లో పెట్టుకుని నమలకుండా మింగేస్తున్నాం.

నమలడం అంటే ఏమిటో నాకు నేర్పింది మా నాయనమ్మ. ఆమెకు చదువు రాదు.

[తెరపై: వరండాలో చాప, చాట, చింతపండు. లూకా 5:1-11]

సెలవుల్లో మధ్యాహ్నాలు ఆమె వరండాలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తుంటే నేను సువిశేషం చదివి వినిపించేవాణ్ణి. ఒకసారి లూకా 5వ అధ్యాయం వచ్చింది. గెన్నెసరెతు సరస్సు. సీమోను పేతురు వాళ్ళు రాత్రంతా వేటాడినా ఒక్క చేప పడలేదు. ఒడ్డున వలలు కడుక్కుంటున్నారు. ప్రభువు పేతురు పడవ ఎక్కి జనానికి బోధించాడు. అయ్యాక, లోతుకి పోనిచ్చి వలలు వేయమన్నాడు. నేను చదువుకుంటూ ముందుకు పోతున్నాను. నాయనమ్మ చెయ్యి ఆగింది.

"ఉండు నాన్నా. వలలు కడిగేసుకున్నారన్నావు కదా?"

"అవును నాయనమ్మా."

"కడిగేశాక మళ్ళీ వెయ్యమన్నాడా? గిన్నెలన్నీ తోమి బోర్లించాక చుట్టాలొచ్చినట్టు ఉందే! పాపం, ఆ పేతురుకి ఒళ్ళు ఎంత నొప్పిగా ఉందో."

నేను ఆ భాగం పదిసార్లు చదివి ఉంటాను. "వలలు కడుగుచుండిరి" అన్న మాట నాకు ఎప్పుడూ కనపడలేదు. రాత్రంతా పని చేసి, ఏమీ దొరక్క, ఉన్న వలని శుభ్రం చేసుకుని ఇంటికి పోదామనుకున్న మనిషిని ప్రభువు మళ్ళీ నీళ్ళలోకి పంపాడు. కడిగిన వల మళ్ళీ మురికవుతుంది, మళ్ళీ కడగాలి. విశాఖలోనో కాకినాడలోనో పొద్దున్నే రేవు దగ్గర వలలు సర్దుకునేవాళ్ళని చూసినవాళ్ళకి అది ఎంత పనో తెలుసు. అప్పుడు పేతురు అన్న మాట బరువు తెలిసింది. రాత్రంతా కష్టపడ్డాం, ఏమీ దొరకలేదు, అయినా నీ మాట మీద వేస్తాను అన్నాడు. నమ్మకం కుదిరాక వేస్తాననలేదు, అలసట తీరాక వేస్తాననీ అనలేదు.

నాయనమ్మ ఆ సాయంత్రం మిగతా కథ అడగలేదు. "నీ మాట మీద" అని రెండుమూడుసార్లు తనలో తను అనుకుంది. మర్నాడు పొద్దున నీళ్ళ బిందె ఎత్తుకుంటూ కూడా అదే అనుకోవడం విన్నాను. గీగో చెప్పిన నాలుగు మెట్లూ ఆ మూడు మాటల్లో ఆమె ఎక్కేసింది.

మీరు చేయవలసింది కూడా అంతే. ఆ రోజు సువిశేషం ఒకసారి మామూలుగా, రెండోసారి నెమ్మదిగా, వీలైతే పైకి చదవండి. ఎక్కడో ఒక మాట పట్టుకుంటుంది. ముళ్ళకంపకి చీర కొంగు చిక్కుకున్నట్టు ఆగిపోతారు. అక్కడే ఆగండి. ఇది నా జీవితంలో ఎక్కడ తగులుతోంది అని అడగండి. తర్వాత దాని గురించి ప్రభువుతో మీ మామూలు భాషలో మాట్లాడండి. చివరి రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా కూర్చోండి. ఆ ఒక్క మాట కాగితం మీద రాసి జేబులో వేసుకుంటే మరీ మంచిది. బస్సులో, పొలంలో, డ్యూటీలో అది తోడు వస్తుంది.

"మనసు నిలవడం లేదు" అంటారు చాలామంది. నాకూ నిలవదు. కూర్చోగానే కరెంటు బిల్లు గుర్తొస్తుంది, పిల్లాడి పరీక్షల టెన్షన్ వస్తుంది. ఆవిలా పునీత తెరేసమ్మ మాట చెబుతాను. 16వ శతాబ్దం స్పెయిన్ దేశస్తురాలు. ప్రార్థన గురించి ఆమె రాసినవాటి వల్లే 1970లో ఆమెను శ్రీసభ పండితురాలిగా, అంటే శ్రీసభ అంతటికీ బోధించగల గురువుగా, ప్రకటించారు. అంతటి ఆవిడ తన జీవిత కథలో ఏం రాసుకుందో తెలుసా? కొన్నేళ్ళపాటు ప్రార్థనలో కూర్చుని, గంట ఎప్పుడు కొడతారా, ఈ సమయం ఎప్పుడు అయిపోతుందా అని ఎదురు చూశానని. అయినా లేచి వెళ్ళిపోలేదు. వచ్చిన ఆలోచనని తరిమేయడానికి కుస్తీ పట్టకండి. ఆ కరెంటు బిల్లునే ప్రభువు ముందు పెట్టి, మళ్ళీ వాక్యం దగ్గరికి రండి. నాలుగు రోజులు మానేసినా సరే, వెనక్కి వెళ్ళి పాత పఠనాలన్నీ బాకీ తీర్చనక్కర్లేదు. ఈ రోజుది తీయండి.

ఇంకొకటి. చదివినదాన్ని రాత్రి ఒకసారి తిరగేసుకోవాలి. యేసు సభను స్థాపించిన లొయోలా పునీత ఇన్యాసివారు దీనికి ఆత్మశోధన అనే పద్ధతి ఇచ్చారు. విజయవాడలో లొయోలా కాలేజీ పేరు వినే ఉంటారు, ఆ లొయోలా ఈయన పుట్టిన చోటు. ఈ రోజు దేనికి కృతజ్ఞతలు చెప్పాలి? ఎక్కడ ప్రభువు మాట విన్నాను, ఎక్కడ విననట్టు నటించాను? రేపటికి ఏం కావాలి? పడుకునే ముందు ఐదు నిమిషాలు చాలు. నాయనమ్మకి ఈ పద్ధతి పేరు తెలియదు. దుప్పటి కప్పుకుని ఆ రోజు ఎవరి మీద కేకలేసిందో వాళ్ళ పేర్లు చెప్పి, "వాళ్ళని చల్లగా చూడు" అనేది.

ఆ తర్వాత రోజూ ఒకే మాట అని నిద్రపోయేది. "తండ్రీ, నా ఆత్మ నీ చేతుల్లో పెడుతున్నా." అది ఆమె సొంత మాట అని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను.

[తెరపై: కీర్తన 31:5. దాని కింద లూకా 23:46]

ఒక రోజు 31వ కీర్తన చదువుతుంటే ఐదో వచనంలో ఆ మాట కనిపించింది. శ్రీసభ రాత్రి ప్రార్థనలో దాన్ని రోజూ చెబుతుందని తర్వాత తెలిసింది. సిలువ మీద ప్రాణం విడిచేటప్పుడు యేసు ప్రభువు పలికింది కూడా ఆ కీర్తనే. లూకా 23వ అధ్యాయం, 46వ వచనం. ఆయన దానికి ముందు ఒక్క పదం చేర్చారు. కీర్తనలో ఆ చోట లేని పదం, నాయనమ్మ దుప్పటి లాక్కుంటూ ముందుగా అనే పదం. తండ్రీ.