సైన్ 3/4 అంటే కర్ణం 5 అని రాసేవాళ్లకు ఈ బోర్డు పనికొస్తుందా?

అందరికీ నమస్తే, హన్మకొండ నుంచి మళ్లీ మీ ముందుకొచ్చాను. ముందే చెప్పేస్తా, ఈ త్రికోణమితి బోర్డు నేను కొన్నది కాదు, కంపెనీ వాళ్లు ఊరికే పంపారు. వీడియోకి డబ్బులు మాత్రం ఇవ్వలేదు. ధర, సైజు, పెట్టెలో ఏమేం వస్తాయి అన్నవి మీరు చూసే ఉంటారు, వాటి జోలికి పోను. బోర్డు మీద లంబకోణ త్రిభుజం చేసే మూడు పట్టీలు. ఎర్రది కోణానికి ఎదుటి భుజం, నీలిది కోణం పక్కనే ఉండే ఆసన్న భుజం, పసుపుది అన్నిటికన్నా పొడవైన కర్ణం. రెండింటిని కొలత చూసి బిగిస్తే మూడోది ఎంత ఉండాలో అక్కడే ఆగుతుంది.

ఇక అసలు సంగతి. మా అక్క కూతురు పదో తరగతి. మొన్న దాని నోట్సు తిరగేస్తే, సైన్ ఎ 3/4 అయితే మిగతా నిష్పత్తులు కనుక్కోండి అని ఒక లెక్క. కాస్ ఎ (ఆసన్న భుజం బై కర్ణం) దగ్గర 4/5 అని రాసి, కింద రెండు గీతలు కూడా కొట్టింది! ఎట్లా వచ్చిందే అంటే, "3, 4 ఉన్నాయి కదా మామా, ఇంకోటి 5 కదా" అంది.

నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. 3-4-5 మనకు అంతగా ఒంటబట్టింది మరి. కాజీపేటలో మా ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ ఒక గోడ వెంట 3 అడుగులు, పక్క గోడ వెంట 4 అడుగులు గుర్తు పెట్టి, అడ్డంగా టేపు లాగేవాడు. సరిగ్గా 5 వస్తేనే మూల సరిగ్గా ఉన్నట్టు. కానీ మేస్త్రీ 3, 4 రెండూ లంబకోణం దగ్గర కలిసే భుజాలు. సైన్ అంటే ఎదుటి భుజం బై కర్ణం, కాబట్టి అందులో కింద ఉండే 4 కర్ణం. తేడా అంతా అక్కడే ఉంది. అదే ట్యాన్ ఎ, అంటే ఎదుటి భుజం బై ఆసన్న భుజం, 3/4 అని ఇచ్చి ఉంటే మా పిల్ల రాసిన 4/5కి ఫుల్ మార్కులు పడేవి.

ఇదే మాట నోటితో నాలుగుసార్లు చెప్పా, తల ఊపింది. చివరికి బోర్డు దాని చేతికిచ్చా. ఎర్ర పట్టీ 3 దగ్గర, పసుపు పట్టీ 4 దగ్గర బిగించింది. నీలి పట్టీ జరుగుతూ వచ్చి 2.6 దాటి ఆగిపోయింది. "5 ఏది మామా?" అని పట్టీని ఇంకా లాగుతోంది, విరుగుతుందేమో అని నా భయం. 6, 8 పెట్టించా. త్రిభుజం పెద్దదైంది, కోణం మాత్రం అదే, 48న్నర డిగ్రీల దగ్గరే. ఆ తర్వాత 5 బై 4 పెట్టమన్నా. 4 పొడవు కర్ణం 5 ఎత్తును ఎట్లా అందుకుంటుంది? ఎంత తిప్పినా పట్టీ చివర గాల్లోనే. సైన్ ఒకటి దాటదని ఎవరూ చెప్పకుండానే దానికి అర్థమైంది. ఇంతకుముందు చౌరస్తాలో కొన్న లామినేషన్ చార్టు ఈ పని ఏనాడూ చేయలేదు, ఇప్పుడది బియ్యం డబ్బా మీద మూతగా ఉంది.

ఇప్పుడు నా మంట వినండి. ఆ 2.6 ఏంటండీ? పదో తరగతి పరీక్షలో క్యాలిక్యులేటర్ ఉండదు, జవాబులో రాయాల్సింది రూట్ 7. కర్ణం వర్గం 16లోంచి ఎదుటి భుజం వర్గం 9 తీస్తే 7, అంతే కదా. కాస్ రూట్ 7 బై 4, ట్యాన్ 3 బై రూట్ 7, కాట్ రూట్ 7 బై 3, సెక్ 4 బై రూట్ 7, కోసెక్ 4 బై 3. ఈ దశాంశాలు చూసి పిల్లలు 2.6 అనే రాసి వస్తే ఎవరిది బాధ్యత? పట్టీ వెనకంతా ఖాళీ! అక్కడ రూట్ 2, రూట్ 3, రూట్ 5, రూట్ 7 గుర్తులు అచ్చు వేయడానికి ఎంత ఖర్చవుతుంది? నేనే పర్మనెంట్ మార్కర్‌తో గీశా, ఇదిగో చూడండి, కొంచెం వంకరగా వచ్చింది.

ఇంటర్ వాళ్లు దీన్ని కొనకండి. సైన్ 3/5, కోణం రెండో పాదంలో (90, 180 డిగ్రీల మధ్య) ఉంది అంటే కాస్ మైనస్ 4/5, ట్యాన్ మైనస్ 3/4. ఈ పట్టీలకు మైనస్ అంటే ఏంటో తెలియదు.

రేటింగ్ అడుగుతారు కాబట్టి, పదో తరగతి వాళ్లకు ఐదుకు నాలుగు, మార్కర్ మాత్రం మీరే తెచ్చుకోవాలి. ఆ పట్టీ వెనక ఖాళీ గుర్తొస్తే మూడున్నర ఇవ్వాలనిపిస్తుంది కానీ, పిల్ల పట్టీ లాగుతూ 5 కోసం వెతికిన ముఖం గుర్తొచ్చి నాలుగే ఉంచుతున్నా. గివ్‌అవే పెడతారా అని ఇప్పటికే మెసేజ్‌లు వస్తున్నాయి. లేదండీ, బోర్డు మా మేనకోడలు స్కూలు బ్యాగులో ఉంది, అడిగితే ఇవ్వట్లేదు.