రోడ్డు ఎత్తు పెరిగింది, ఇల్లు గుంతలో పడింది

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: ఒక విశ్రాంత రోడ్ల ఇంజనీరు, ఒక పట్టణ ప్రణాళికా నిపుణురాలు, హైదరాబాద్‌లో తోపుడు బండి మీద పండ్లు అమ్మే మహిళ.)

వ్యాఖ్యాత: నమస్కారం. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాద్‌ను ముంచింది. ఆ తర్వాత వరదను ఆపడానికి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టుకున్నాం. 2020 అక్టోబరులో చాలా కాలనీలు నదికి దూరంగా ఉండి కూడా మునిగాయి. ఇంజనీరు గారూ, వీధులే కాలువలు ఎలా అయ్యాయి?

ఇంజనీరు: ముందు ఒక లెక్క చెబుతాను. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 12 మీటర్ల వెడల్పు, అర కిలోమీటరు పొడవున్న వీధి మీద 50 మిల్లీమీటర్లు కురిస్తే 3 లక్షల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 60. ఇళ్ల కప్పుల మీద నుంచి దిగేది ఇందులో కలపలేదు. ఆ వాన రోజంతా పడితే వీధికి ఇబ్బంది లేదు. ముప్పావుగంటలో పడితేనే చిక్కు. పత్రికల్లో వచ్చేది రోజు మొత్తం వాన, కాలువకు కావలసింది గంట లెక్క. ముంబయి పాత కాలువలు గంటకు 25 మిల్లీమీటర్లకు కట్టినవి. 2005 జులై 26న అక్కడ ఒక్క రోజులో 944 మిల్లీమీటర్లు పడింది, రోజంతా సమంగా పంచినా గంటకు 39 పైనే.

వ్యాఖ్యాత: అమ్మా, ఈ లెక్క మీ వీధిలో ఎలా కనిపిస్తుంది?

పండ్ల వ్యాపారి: లెక్కలు నాకు తెలియవండి. మా ఇంటికి ఒకప్పుడు మూడు మెట్లు ఎక్కి వెళ్లేవాళ్లం. ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్తున్నాం. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది వేశారు. వాన వస్తే గడప దగ్గర ఇసుక బస్తాలు పెట్టి కూర్చుంటాం.

ఇంజనీరు: ఈ మాట మేం ఒప్పుకోవాలి. కొత్త పొర వేసే ముందు పాత తారును గీకి తీయాలి, దాన్నే మిల్లింగ్ అంటాం. తీయకుండా వేస్తే పని త్వరగా అవుతుంది, బిల్లు త్వరగా వస్తుంది. ఒక్కో పొరకు రెండు మూడు అంగుళాలు. అయిదారుసార్లు వేస్తే అడుగు దాటుతుంది. మ్యాన్‌హోల్ మూత గుంతలో పడుతుంది, కాలిబాట పక్కన నీరు దిగే రంధ్రం తారు కింద పూడిపోతుంది. కాలువ ఎంత పెద్దదైతే ఏం లాభం, నోరు మూసుకుపోయాక!

నిపుణురాలు: రోడ్డును మధ్యలో ఉబ్బెత్తుగా వేసి నీటిని అంచులకు తోయడం మన అలవాటు. అంచుల్లో ఉండేవి ఇళ్లు, దుకాణాలు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో 2011 జులై 2న రెండు గంటల్లో దాదాపు 150 మిల్లీమీటర్లు పడింది. మరుసటి ఏడాదే కుంభవృష్టి ప్రణాళిక తయారుచేసుకున్నారు. కొన్ని వీధులను మధ్యలో లోతుగా మలిచి, పెద్ద వాన వస్తే నీరు అక్కడే పారేలా, పార్కుల్లో కాసేపు నిలిచేలా చేయాలనుకున్నారు. టోసింగే ప్లాడ్స్ అనే కూడలిలో తారు పెకలించి పచ్చిక వాలు పెట్టారు. (నవ్వు) ఆ పేరు పలకడానికి నాకు వారం పట్టింది.

ఇంజనీరు: మేడమ్, అక్కడి నీరు వేరు. మన నాలాల్లో మురుగు కలుస్తుంది. పార్కులో నిలబెడితే పిల్లలు ఆడుకునే చోట ఏం నిలుస్తుందో ఆలోచించండి.

నిపుణురాలు: అక్కడి పాత పైపుల్లోనూ వాన, మురుగు కలిసే పారుతాయండీ. వాన ఆ పైపులోకి దిగకముందే పైన పట్టుకోవాలన్నదే వాళ్ల ఎత్తుగడ.

ఇంజనీరు: అలాగైతే సరే. ఇంకుడు గుంతల మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. హైదరాబాద్ అడుగున ఉన్నది గ్రానైటు. పైమట్టి తడిసి నిండాక, పగుళ్లు లేని రాతిలోకి నీరు దిగదు. భూగర్భజలానికి గుంతలు మంచివే, కుంభవృష్టికి అవి చాలవు. వాలు, కాలువ, చెరువు, ఈ మూడూ ఒకదానికొకటి అందాలి.

వ్యాఖ్యాత: ఎండ సంగతి?

పండ్ల వ్యాపారి: వాన నాలుగు రోజులండి, ఎండ నాలుగు నెలలు. నా బండి కానుగ చెట్టు కింద ఉండేది. రోడ్డు వెడల్పు చేసి దాన్ని కొట్టేశారు. ఇప్పుడు మధ్యాహ్నానికి అరటిపళ్లు నల్లబడతాయి, ద్రాక్ష నీరు కారుతుంది. సాయంత్రం సగం ధరకు ఇచ్చేస్తాను. గొడుగు కడితే దారికి అడ్డమని తీయిస్తారు.

నిపుణురాలు: మే నెలలో తారు పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది, రాత్రి కూడా సెగ వదులుతూనే ఉంటుంది. మనం నీడనిచ్చే చెట్టును కొట్టి, డివైడర్ మధ్యలో పూలమొక్కలు పెడతాం. అక్కడ నడిచేదెవరు? చెట్టు ఉండాల్సింది కాలిబాట మీద. మిగిలిన చెట్లకూ మొదలు దాకా సిమెంటు పోస్తాం. ఢిల్లీలో చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లోనే ఆదేశించింది. ఆ మీటరు మట్టి ఉంటే వేరుకు నీరందుతుంది, వీధి నీరు కొంత అక్కడే ఆగుతుంది.

ఇంజనీరు: కొంతే.

నిపుణురాలు: కొంతేనండీ. చెట్టును నేను వరద కోసం అడగడం లేదు, ఈమె బండి కోసం అడుగుతున్నాను.

వ్యాఖ్యాత: అమ్మా, మీ వీధికి మళ్లీ తారు వేయడానికి వస్తే ఏమడుగుతారు?

పండ్ల వ్యాపారి: పాతది గీకమంటాను. వింటారా అన్నది వేరే మాట.

ఇంజనీరు: నోటిమాటగా అడగకండమ్మా. అంచనా పత్రంలో మిల్లింగ్ రాశారో లేదో సమాచార హక్కు కింద అడగండి. రాయకపోతే గుత్తేదారు గీకడు, గీకమనే హక్కు సైటు మీద ఉన్న ఇంజనీరుకూ ఉండదు. పని మొదలయ్యేలోపే అడగాలి.

పండ్ల వ్యాపారి: దరఖాస్తు ఎవరు రాసిపెడతారు సార్?

ఇంజనీరు: బయటికి వెళ్లగానే నేనే రాసిస్తాను.