చిల్లు కాని చిల్లు

అందరికీ నమస్కారం.

ఓజోన్ మీద మాట్లాడిన ప్రతిచోటా నాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే: ‘ఆ చిల్లు పూడిందా?’ చిల్లు అనగానే గొడుగుకు పడిన కన్నం లాంటిదేదో మనసులో మెదులుతుంది. ఆకాశంలో అలాంటిదేమీ లేదు. ఆ మాటకొస్తే ‘పొర’ కూడా లేదు. నేలకు 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తులో, మిగతా గాలితో కలిసి పలచగా చెదిరి ఉన్న వాయువు ఓజోన్. నెత్తిన ఉన్న ఓజోన్‌నంతా కిందికి దించి, సున్నా డిగ్రీల వద్ద, నేలమీది పీడనంలో పరిస్తే దాని మందం సుమారు 3 మిల్లీమీటర్లు. సూర్యుడి అతినీలలోహిత కిరణాలకూ మన చర్మానికీ మధ్య ఉన్న ప్రధానమైన అడ్డు అదే.

మిల్లీమీటరులో నూరో వంతును ఒక డాబ్సన్ యూనిట్ అంటారు. ఆ లెక్కన మామూలు మందం 300 యూనిట్లు. అది 220కి దిగువకు పడిపోయిన ప్రాంతాన్నే రంధ్రం అంటున్నాం.

అంటార్కిటికాలోని హాలీ బే కేంద్రంలో బ్రిటిష్ పరిశోధకులు 1950ల నుంచి ఏటా ఓజోన్‌ను కొలుస్తూ వచ్చారు. విసుగు పుట్టించే పని. ఇన్నేళ్లుగా అవే అంకెలు ఎందుకు రాయడమని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ అంకెలే 1985లో బయటపెట్టాయి: ఒకప్పుడు 300 చుట్టూ ఉన్న అక్టోబరు సగటు 200 దిగువకు జారిపోయింది.

ఫ్రిజ్‌ల వంటి వాటిలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు (సీఎఫ్‌సీలు) అనే వాయువులు పైకి చేరి, అక్కడ క్లోరిన్‌ను వదిలి, ఓజోన్‌ను తినేస్తాయని రసాయన శాస్త్రవేత్తలు మొలీనా, రోలాండ్ 1974లోనే చెప్పారు. అయితే వారు ఊహించిన నష్టం చాలా ఎత్తున, నెమ్మదిగా జరిగేది. ఇక్కడ జరిగింది వేరు. ఈ వాయువులను ఎక్కువగా వదిలినది ఉత్తరార్ధగోళం. దెబ్బ తగిలింది దక్షిణ ధ్రువానికి, అదీ అక్కడి వసంతంలో. ఎందుకు?

నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. మామూలుగా క్లోరిన్ పైన ఊరికే తిరగదు. హైడ్రోజన్ క్లోరైడ్‌గానో, క్లోరిన్ నైట్రేట్‌గానో బంధించబడి, ఓజోన్ జోలికి పోకుండా ఉంటుంది. ధ్రువంలో నెలల తరబడి చీకటి. గాలి సుడిగా తిరుగుతూ బయటి వెచ్చదనాన్ని లోపలికి రానివ్వదు. ఉష్ణోగ్రత మైనస్ 78 డిగ్రీల కిందికి పోయేసరికి, మబ్బులకు చోటులేని ఆ ఎత్తులో మబ్బులు కడతాయి. వాటి కణాల ఉపరితలం మీద ఆ రెండు సమ్మేళనాలూ చర్య జరిపి క్లోరిన్ వాయువును విడుదల చేస్తాయి. అది చీకట్లో కాచుకుని ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరులలో సూర్యుడు తిరిగి రాగానే వెలుతురు దాన్ని పరమాణువులుగా చీలుస్తుంది. ఒక్కో పరమాణువు ఓజోన్ నుంచి ఆక్సిజన్‌ను లాక్కుని, ఆనక దాన్ని వదిలించుకుని, మళ్లీ కొత్త ఓజోన్ మీద పడుతుంది. తాను మాత్రం ఖర్చు కాదు. వారాల్లోనే 14–20 కిలోమీటర్ల మధ్య ఓజోన్ దాదాపు ఖాళీ.

దీనికి సాక్ష్యం కోసం 1987లో చిలీ నుంచి ఒక విమానం ఆ సుడిలోకి వెళ్లింది. సుడి అంచు దాటగానే, కొలతల గ్రాఫులో క్లోరిన్ మోనాక్సైడ్ (ఓజోన్ నుంచి ఆక్సిజన్‌ను లాక్కున్న క్లోరిన్) గీత పైకి లేచింది, ఓజోన్ గీత కూలింది. ఒకటి ఎగసిన ప్రతిచోటా రెండోది పడింది. ఆ ప్రసిద్ధ గ్రాఫు సెప్టెంబరు 16 నాటిది. ఈ వాయువులను తగ్గించాలని దేశాలు చేసుకున్న మాంట్రియల్ ఒప్పందం మీద సంతకాలు జరిగిందీ అదే రోజు! పూర్తి రుజువు కోసం ఆగి ఉంటే మరికొన్నేళ్లు పోయేవి.

ఇక పూడిందా అన్న ప్రశ్న. కోలుకుంటోంది. ఒప్పందం ఇలాగే అమలైతే 1980 నాటి స్థాయికి ధ్రువాల వెలుపల 2040 నాటికి, ఉత్తర ధ్రువం మీద 2045 నాటికి, అంటార్కిటికా మీద 2066 ప్రాంతంలో చేరుతుందని ఐక్యరాజ్యసమితి సంస్థల 2022 శాస్త్రీయ నివేదిక అంచనా. ఒక ఏటి అంకె చూసి సంబరపడకండి, బెంబేలెత్తకండి. 2019లో రంధ్రం బాగా చిన్నదైంది. కారణం ఆ ఏడు పై గాలి అనుకోకుండా వేడెక్కడం. మరుసటి ఏడే పెద్దదీ, మొండిదీ అయింది.

ఇంత ఆలస్యం ఎందుకంటే, ఫ్రిజ్‌లలో వాడిన సీఎఫ్‌సీ–12 అనే రకం ఆయుర్దాయం సుమారు వందేళ్లు. సంతకాలు జరిగిన ఏడాది ఎవరో పారేసిన ఫ్రిజ్ నుంచి బయటపడిన అణువుల్లో మూడింట రెండు వంతులు, నేను మీతో మాట్లాడుతున్న ఈ నిమిషాన కూడా గాలిలోనే ఉన్నాయి.