ఇసుక ఈగను పట్టడం, పోల్చుకోవడం: దీవుల్లో సర్వే గురించి

సభాధ్యక్షులకు, జంతుశాస్త్ర అధ్యాపకులకు, మలేరియా విభాగం సిబ్బందికి, విద్యార్థులకు నమస్కారం.

ఇసుక ఈగ అనగానే మన నెల్లూరులో చాలామంది మైపాడు, కోడూరు తీరాల్లో కుట్టే పురుగేదో అనుకుంటారు. దాని ఒంటి రంగు ఇసుక రంగు, అంతే. సముద్రపు ఇసుకతో దానికి పని లేదు. పేడ, ఎండుటాకులు కలిసిన చెమ్మ మట్టిలో అది గుడ్లు పెడుతుంది. పగలు గొడ్ల చావిడి గోడల నెర్రెల్లో, పుట్టల బొరియల్లో, చెట్టు తొర్రల్లో దాక్కుంటుంది. పొడవు రెండు మూడు మిల్లీమీటర్లే కనుక మామూలు దోమతెర కన్నాల్లోంచి దూరిపోతుంది. వాలినప్పుడు రెక్కలు వీపు మీద నిక్కబొడుచుకుని ఉంటాయి. చప్పుడు చెయ్యదు, దూరం ఎగరలేదు. కుట్టేది ఆడ ఈగ మాత్రమే.

ఇంత చిన్న పురుగు కోసం ఇంత శ్రమ ఎందుకన్నది న్యాయమైన ప్రశ్నే. 2003లో జూన్ నుంచి ఆగస్టు వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మెదడువాపు లక్షణాలతో 329 మంది పిల్లలు జబ్బుపడగా 183 మంది చనిపోయారు. ఆ జబ్బుకు కారణంగా తేలిన చాందీపురా వైరస్‌ను మోసేది ఇసుక ఈగేనని శాస్త్రవేత్తల బలమైన అనుమానం. అంతకు వందేళ్ల ముందు, 1903లో, నెల్లూరు జిల్లా మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న రోజుల్లో, మద్రాసు జనరల్ ఆసుపత్రిలో డోనొవన్ అనే వైద్యుడు రోగుల ప్లీహంలో, ఆ ప్లీహాన్నే ఉబ్బించి ప్రాణం తీసే కాలా అజార్ అనే జబ్బు పరాన్నజీవిని చూశాడు. ఇంగ్లండులో లీష్మన్ అనే వైద్యుడు కూడా అదే ఏడు దాని గురించి ప్రకటించడం వల్ల ఇద్దరి పేర్లూ కలిపి దానికి లీష్మేనియా డోనొవానీ అని పేరు పెట్టారు. ఈగ కుడితేనే ఈ జబ్బు మనిషికి సోకుతుందని నిరూపించడానికి మరో నలభై ఏళ్లు, 1942 దాకా, పట్టింది. మోసేది ఫ్లెబోటోమస్ అర్జెంటిపెస్ అనే ఇసుక ఈగ జాతి, అంటే వెండి కాళ్లది.

ఇక దీవి సంగతి. శ్రీలంకలో ఈ వెండికాళ్ల ఈగ ఉందని చాలాకాలంగా తెలుసు. అయినా అక్కడే పుట్టి పెరిగిన మనిషికి అక్కడే సోకిన చర్మ లీష్మేనియాసిస్, అంటే లీష్మేనియా వల్ల చర్మానికి వచ్చే జబ్బు, మొదటిసారి 1992లో బయటపడింది. 2001 తర్వాత ఉత్తరాన పనిచేసిన సైనికుల్లో కేసులు పెరగడంతో, 2008లో దాన్ని తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలపవలసిన జబ్బుల్లో చేర్చారు. బీహారులో ప్లీహాన్ని ఉబ్బించి ప్రాణం తీసే అదే లీష్మేనియా డోనొవానీ అక్కడ ఎక్కువగా చర్మం మీద మానని పుండుగా ఆగిపోతుంది. జబ్బు లేనప్పుడు కూడా ఈగ ఉన్నదని రాసిపెట్టుకోవడం ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది. 2022 దాకా మన జిల్లాలోనే ఉన్న ఇరకం, వేనాడు లాంటి పులికాట్ దీవుల్లో జాబితా తయారుచేయాలని నేను అడిగేది అందుకే. అంత తక్కువ దూరం ఎగిరే ఈగకు ఉప్పునీరు పెద్ద అడ్డం. అక్కడ దొరికే ఈగలు ఎక్కువగా అక్కడే పుట్టినవై ఉంటాయి, కాబట్టి లెక్క తేటగా వస్తుంది.

పట్టే పద్ధతులు తేలికే. పొద్దు గూకేముందు లైట్ ట్రాప్ వేలాడదీసి తెల్లవారాక తీస్తాం, ఆముదం పూసిన కాగితాలను నెర్రెల దగ్గర నిలబెడతాం, పొద్దున్నే టార్చి వేసి గోడ మీద వాలినవాటిని నోటితో పీల్చే గాజుగొట్టంలోకి లాగుతాం. ఒక వేసవి రాత్రి నేనొక పశువుల కొట్టంలో కాగితాలు పెట్టాను. తెల్లారేసరికి ఒక్కో కాగితం మీద పది పన్నెండు ఈగలు అంటుకున్నాయి. ఎంతో సంతోషపడ్డాను. తీరా మైక్రోస్కోపు కింద పెడితే దాదాపు అన్నీ సెర్జెంటోమియా, ఎక్కువగా బల్లుల, తొండల రక్తం తాగే మరో రకం ఇసుక ఈగలు. వాటిని అర్జెంటిపెస్ లెక్కలో వేసి ఉంటే ఆ ఊళ్లో లేని కాలా అజార్ భయాన్ని నేనే పుట్టించేవాణ్ణి. చాందీపురా విషయంలో సెర్జెంటోమియా మీద కూడా అనుమానం ఉంది గనుక వాటిని పారేయకూడదు కూడా.

కాబట్టి ఈ పనిలో అసలు కష్టం పోల్చుకోవడంలో ఉంది, తొందరపడకూడనిదీ అక్కడే. పొట్ట మీది వెంట్రుకలు నిటారుగా ఉంటే ఫ్లెబోటోమస్, పడుకుని ఉంటే సెర్జెంటోమియా అని కొంతవరకు చెప్పవచ్చు గాని, నూనెలో తడిసిన ఈగకు ఆ వెంట్రుకలే మిగలవు. ఈగను పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెట్టి, కండ కరిగి పారదర్శకమయ్యాక తల, పొట్ట చివర విడదీసి స్లైడు మీద అమర్చాలి. తలలో, గొంతుకు ముందున్న చిన్న గదిలో దువ్వెన పళ్లలాంటి వరుస కనిపిస్తే అది సెర్జెంటోమియా. ఆడ ఈగ పొట్టలో మగ ఈగ శుక్రాన్ని దాచుకునే శుక్రకోశం ఫ్లెబోటోమస్‌లో వలయాలు పేర్చినట్టు ఉంటుంది, సెర్జెంటోమియాలో సాధారణంగా నున్నటి సంచిలా ఉంటుంది. మగవాటిని పొట్ట చివరి జననాంగాల ఆకారంతో పోల్చుకోవాలి. అర్జెంటిపెస్‌లోనే కంటికి ఒకేలా కనిపించే దగ్గరి జాతులున్నాయి, వాటికి డీఎన్ఏ పరీక్ష చేయించాలి. అందుకోసం ప్రతి ఈగ కాళ్లు కొన్ని విడిగా ఆల్కహాలులో దాచండి.

సీసాలో వేసే చీటీ మీద దీవి, ఇల్లు, కొట్టమా పుట్టా, తేదీ, వేళ, పట్టిన పద్ధతి పెన్సిలుతో రాయండి. పెన్ను సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది. చీటీని సీసా బయట అంటించకుండా లోపలే వేయండి.