ఇనుప ఒంటికి ‘వచ్చాడు’ ఎందుకు?

మహబూబ్‌నగర్ సాహిత్య మిత్రులకు నమస్కారం. సైన్స్ ఫిక్షన్ గురించి మాట్లాడమని పిలిచారు. నేను వ్యాకరణంతో మొదలుపెడతాను, కోప్పడకండి.

నిరుడు ఒక కథ రాశాను. నారాయణపేట దగ్గర ఒక చెరువులో పూడిక తీసే రోబో తన కథ తానే చెబుతుంది. ‘వచ్చాను, తవ్వాను, ఆగిపోయాను’ అనే సాగుతుంది. ఈ క్రియల్లో ఆడా మగా తెలియదు. అయినా చదివిన మిత్రులు ‘చివరికి వాడేమయ్యాడు?’ అని అడిగారు. వాడని నేనెక్కడన్నాను? మట్టిపని అనగానే మగవాడైపోయాడు. ఈ జిల్లాలో మట్టితట్టలు మోసిన ఆడవాళ్లు ఎవరికీ గుర్తుకు రాలేదు.

మన భాష తమాషా చూడండి. అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. ‘వచ్చాడు’ మగవాడికే ప్రత్యేకం. బహువచనంలో మాత్రం ‘వచ్చారు’ అని ఆడవాళ్లు మళ్లీ మనుషుల్లో కలుస్తారు. కాబట్టి రోబో ‘వచ్చింది’ అని రాస్తే పాఠకుడు దాన్ని వస్తువు కిందే జమ కడతాడు. దానికి కాస్త బాధ కలిగిందో, ‘వచ్చాడు’లోకి ఎక్కిస్తాడు. బాధపడాలంటే మగవాడే కావాలా?

రోబో అంటే ఇనుము అనుకోవడం కూడా మన ఊహే. ఆ మాట చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకంతో లోకానికి వచ్చింది. సూచించింది ఆయన అన్న యోసెఫ్. అందులోని రోబోలు లోహపు బొమ్మలు కావు, కృత్రిమ జీవపదార్థంతో చేసినవి. చూపులకు అచ్చం మనుషులే, ఆడ రోబోలూ ఉన్నాయి. చెక్ భాషలో ‘రొబొత’ అంటే భూస్వామికి బలవంతంగా చేసిపెట్టే పని. నల్లగొండ నుంచి వచ్చినవారికి దీన్ని విడమరిచి చెప్పాలా? వెట్టి! మనం ‘మరమనిషి’ అని తర్జుమా చేసుకుని మరను పట్టుకున్నాం, వెట్టిని వదిలేశాం. ‘వెట్టిమనిషి’ అని ఉంటే మన పాఠకుడు మొదటి పేజీలోనే దొర ఎవరని అడిగేవాడు.

ఆనకట్టలు కట్టడానికి దేశమంతా తిరిగినవారిని ‘పాలమూరు లేబర్’ అన్నారు. ఒక్కరి పేరూ ఎవరూ అడగలేదు. పేరులేని ఒళ్లను చూడటం మనకు కొత్తేమీ కాదు.

అందుకే కథ తిరగరాశాను. రోబోకు యాదమ్మ అని పేరు పెట్టాను. మొన్న ఒక మిత్రుడు చదివి, ‘బాగుంది కానీ, ఆమె భర్త ఏం చేస్తుంటాడు?’ అన్నాడు.